నోరు మార్చుడు

నిన్న మధ్యాహ్నం నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో కూర్చుని శాంతి నేర్చుకుంటున్నాను. నాతోపాటు ఇంకో అరవైమంది సర్కారు బడి టీచర్లు. ఏదో కంపెనీ వాళ్ల సేవా విభాగం మాకు శిక్షణ ఇస్తోంది, ఉన్నత పాఠశాలల్లో శాంతి విద్య అని. ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే పక్కనున్న మా హిందీ టీచరు కొంగు తల మీదుగా కప్పుకుని ముడుచుకు కూర్చుంది. వేదిక మీద అమ్మాయి కళ్లు మూసుకోమంది, మూసుకున్నాం. మీ లోపలున్న కోపాన్ని ఒకసారి చూడండి అంది. నా కోపాన్ని నేను రోజూ చూస్తూనే ఉన్నాను తల్లీ, దానికి ఇంతదూరం రావాలా అనుకున్నాను.

అప్పుడే ఒళ్లో ఫోను వణికింది. ఒకసారి కాదు, ఆగకుండా. కళ్లు తెరిచి చూస్తే మా బడి గ్రూపు నిండా ఓం శాంతి, ఓం శాంతి, ఓం శాంతి. పైకి జరుపుకుంటూ పోతే మొదటి మెసేజి కనిపించింది. మా సోషల్ మేడం పోయారు. పొద్దున్నే గుండెపోటు. రిటైరై ఇంకా ఏడాది నిండలేదు.

ఈ మెసేజీలు చూస్తే ఆవిడ నవ్వేది. శాంతి అన్న మాట ఆవిడ నోట నేను ఒక్కసారే విన్నాను. శాంతి విద్య మీద మీ అభిప్రాయం ఏమిటని ఎవరో అడిగితే, "శాంతి మా పక్కింటామె పేరు. ఆమెకు నాకు ఇరవై ఏండ్ల సంది మాటల్లెవ్వు" అంది. అబద్ధం కాదు. మేడమెట్ల మీద చెప్పులు విడిచే దగ్గర వచ్చిన తగువట. బడిలో వెయ్యి తగువులు తీర్చిన మనిషి, ఇంటి మెట్ల దగ్గర మాత్రం మూతి ముడుచుకుని ఎక్కేది, దిగేది.

వేదిక మీద అమ్మాయి ఒక కాగితం పంచింది. శాంతి విద్యపై ఉపాధ్యాయుల అభిప్రాయాలు. పూర్తిగా అంగీకరిస్తాను దగ్గర మొదలై అసలు అంగీకరించను దాకా ఐదు గడులు. నేను పెన్ను మూత తీసి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నేను ఆవిడకి ఒక మాట బాకీ ఉన్నాను. ఒకే ఒక్క మాట. అది చెప్పకుండానే ఆరేళ్లు గడిపేశాను.

ఆవిడ వాచీ ముఖం అరచేతి వైపు తిప్పి పెట్టుకునేది. టైము చూడాలంటే చెయ్యి చాపి, చేతిరేఖలు చూసుకుంటున్నట్టు చూసేది. స్టాఫ్‌రూములో కుర్చీలుండగా పిల్లల బెంచీ ఒకటి తెచ్చి గోడవారగా వేయించుకుని దాని మీదే కూర్చునేది. క్లాసులో సైలెన్స్ అని అరవడం నేను ఎన్నడూ వినలేదు. గోల ఎక్కువైతే కళ్లద్దాలు తీసి, కళ్లు మూసుకుని నిలబడేది. రెండు నిమిషాలు పట్టనీ, పది నిమిషాలు పట్టనీ, గోల దానంతటది చల్లారేదాకా కళ్లు తెరిచేది కాదు. అందుకే సిలబస్ ఏనాడూ అయ్యేది కాదు. నేను చూసినన్నాళ్లలో ఆవిడ పిల్లలు రెండో ప్రపంచ యుద్ధం దాటిన ఏడు లేదు, మార్చి వచ్చేసేది. పైగా నా పీరియడ్లు అడుక్కునేది. "ఓ గుంటూరు మేడం, నీ లెక్కల పీరియడ్ ఒకటి ఇయ్యి" అనేది. మాది తెనాలండీ అని ఎన్నిసార్లు చెప్పానో. మా నాన్న ఉద్యోగం మీద వచ్చి మూసాపేటలో ఇల్లు కట్టుకున్నారు, నేను పుట్టి పెరిగిందంతా ఇక్కడే, ఇంట్లో మాట మాత్రం తెనాలి మాటే. ఆవిడకి కృష్ణ దాటితే అంతా గుంటూరే. ఇచ్చిన పీరియడ్ తిరిగి ఇచ్చిన పాపాన కూడా పోలేదు.

ఒక ఏడు పైనుంచి ఆదేశం వచ్చింది. ప్రతి బడిలో శాంతి కమిటీ వెయ్యాలి, వారానికొక పీరియడ్ శాంతి విద్యకి కేటాయించాలి. మా హెడ్మాస్టరు భయస్తుడు, ఏ కాగితం వచ్చినా ఆ సాయంత్రానికే అమలు చేసేస్తాడు. ఈ ఊళ్లో పీస్ కమిటీ అంటే ఒకటే కదా, వినాయక నిమజ్జనానికో మరో పండక్కో ముందు పోలీసు స్టేషన్లో బస్తీ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడేది. ఆయన అదే అనుకున్నాడు. తమ తరఫున ఒకరిని పంపవలసిందిగా స్టేషనుకి ఉత్తరం రాసేశాడు. మర్నాడు పదకొండింటికి ఒక కానిస్టేబుల్ బండి మీద వచ్చి, స్టాఫ్‌రూములో కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, లొల్లి ఎక్కడైంది సార్ అని అడిగాడు. ఎక్కడా కాలేదన్నాడు మా సారు. మరి నన్నెందుకు పిలిచిన్రు అన్నాడు అతను. ఆవిడ తన బెంచీ మీద నుంచి, "రేపటికి చూపిస్తం గని చాయ్ తాగున్రి" అంది. పిల్లలు మరీ గడుగ్గాయలు. పీస్ పీరియడ్ అనగానే లెగ్ పీసా చెస్ట్ పీసా అని అడగడం మొదలుపెట్టారు, వాళ్లకి తెలిసిన పీస్ బిర్యానీలోదే మరి.

ఆ వారమే స్టాఫ్‌రూములో అందరి అభిప్రాయాలూ అడిగి రిజిస్టరులో రాసుకున్నారు. ఫిజిక్స్ సారు బెత్తం పోయిననాడే బడి పోయింది, ఇంకేం శాంతి అన్నాడు. హిందీ టీచరు, ఇంట్లో రోజూ నాన్న అమ్మని కొట్టడం చూసి వచ్చే పిల్లకి నలభై నిమిషాల్లో నేనేం చెప్పను అంది. నేను ముందు పదో తరగతి ఫలితాలు, తీరిక ఉంటే శాంతి అన్నాను. ఆవిడ అందరిదీ విని ఒక్క మాట రాయించింది. "మంచిగ లొల్లి పెట్టుకునుడు నేర్పాలె. శాంతి ఏడ్సుకుంట దానంతటదే వస్తది."

నేర్పేది కూడా. దానికి పిల్లలు పెట్టిన పేరు నోరు మార్చుడు. మాట మార్చేవాళ్లని చూశాం గానీ నోరు మార్చేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాం అని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. కొట్టుకున్న ఇద్దరినీ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టేది. జరిగిందంతా ఒకడు రెండోవాడి నోటితో చెప్పాలి, నేను, నాకు అంటూ. రెండోవాడికి రెండే మాటలు. తప్పయితే కాదు, సరిగ్గా చెబితే అంతే. అంతే అనిపించుకునేదాకా చెబుతూనే ఉండాలి, ఆ తర్వాత వంతు మారుతుంది. సారీ అనడానికి వీల్లేదు. సారీ బస్సుల కాలు తొక్కినప్పుడు చెప్పున్రి, ఇక్కడ పన్జేయదు అనేది. రెండు అంతేలూ పడ్డాక హ్యాండ్‌బ్యాగులోంచి పుట్నాల పొట్లం తీసి ఇద్దరికీ చెరో పిడికెడు పోసేది.

ఎనిమిదో తరగతి వాళ్లిద్దరు ఒకసారి చొక్కాలు పట్టుకుని దొర్లారు. చొక్కా చింపినవాడు, చొక్కా చినిగినవాడి నోటితో మొదలుపెట్టాడు. వాడు నన్ను కొట్టిండు, నేను వాన్ని కొట్టిన, నా అంగి చినిగింది. కాదు. మళ్లీ చెప్పాడు. మళ్లీ కాదు. నాలుగోసారి గొంతు తగ్గించి, నాకున్నది ఒక్కటే అంగి, రేపు ఏమేసుకోవాలె అన్నాడు. అంతే అన్నాడు రెండోవాడు. నేను గుమ్మంలో నిలబడి నా పీరియడ్ ఎప్పుడు ఇస్తారా అని ఎదురుచూస్తున్నాను. ఆ పూటకి నాకు అర్థమైంది నా పీరియడ్ పోయిందని మాత్రమే.

ఆరేళ్ల కిందట పరీక్షలకి మూడు నెలల ముందు తనిఖీకి వచ్చారు. పెద్ద అధికారి నా పదో తరగతిలోకి వచ్చి, ఇద్దరు పిల్లల్ని లేపి బోర్డు మీద లెక్క చెయ్యమన్నాడు. పిల్లలు బెదిరిపోయారు, చెయ్యలేదు. ఆయన పిల్లల్ని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, క్లాసంతా వింటుండగా, అసలు మీకు లెక్కలు వచ్చా అని అడిగాడు. పదిహేడేళ్ల సర్వీసు అప్పటికి నాకు. ఆయన వెళ్లిపోయాక నేను బోర్డు వైపు తిరిగి ఆ లెక్కే రాయబోయాను. సుద్దముక్క విరిగింది. కళ్లు నిండిపోయి బోర్డు కనపడలేదు. నా భుజాలు కదులుతున్నాయని నాకు తెలుసు, క్లాసు చూస్తోందనీ తెలుసు. మొదటి బెంచీలోంచి ఒక పిల్ల మెల్లగా, "ఊకో టీచర్" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

నేను తిరిగి ఆ పిల్ల చెంప మీద కొట్టాను. నా వేళ్లే మండాయంటే ఎంత గట్టిగా పడిందో చూసుకోండి. దాని బుగ్గ మీద నాలుగు వేళ్లూ తేలాయి. అది ఏడవలేదు. నన్ను చూసి, సంచీ తీసుకుని, క్లాసులోంచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఏడెనిమిది మంది బస్తీ వాళ్లున్నారు. ఇద్దరి చేతుల్లో ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. హెడ్మాస్టరు గదిలో ఆ పిల్ల తల్లి, హైటెక్ సిటీలో ఏదో ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే మనిషి, ఆ బట్టల్లోనే, పిల్లని పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. "టీసీ ఇయ్యున్రి సార్" అంది. "నా బిడ్డను నాతోని పనికి తోల్కపోత. ఆడ తప్పు చేస్తే తిడ్తరు గని కొట్టరు."

పిల్ల మీద చెయ్యి చేసుకుంటే ఉద్యోగానికి ఎసరని అందరికీ తెలుసు. హెడ్మాస్టరు మెడ తుడుచుకుంటూ రాజీ కాగితం ఒకటి ముందే రాయించి పెట్టాడు. ఇరుపక్షాలూ సంతకం చెయ్యడం, ఒక ఫొటో, అయిపోయింది. నేను సంతకానికి సిద్ధమే. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నా ఉద్యోగం తప్ప ఆ పిల్ల పదో తరగతి ఏమవుతుందన్న ఆలోచనే లేదు. ఆ ఆలోచన ఉన్నది ఆ బడిలో ఒక్కరికే. సోషల్ మేడం ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చి, బెంచీ లాక్కుని, బల్ల మీది కాగితం తీసి బెంచీ మీద పరిచి దాని మీద కూర్చుంది. సార్, మీరు గేటు కాడికి పోయి వాళ్లకు మంచినీళ్లు ఇప్పియ్యున్రి అంది. ఆయన కదల్లేదు. సరే ఉండున్రి అని, నన్ను ఒక పక్కన, ఆ పిల్లని ఒక పక్కన కూర్చోబెట్టుకుంది.

"గుంటూరు మేడం, షురూ చెయ్యి" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నలభై దాటిన దాన్ని, లెక్కల టీచర్ని, ఈ పిల్లలాట నాతోనా. కానీ గేటు దగ్గర గోల పెరుగుతోంది. నేను గోడకేసి చూస్తూ ఆ పిల్ల నోటితో మొదలుపెట్టాను. నేను మొదటి బెంచీలో ఉన్నాను, టీచర్ని వెక్కిరించాలనిపించింది, నోరు మూసుకోమన్నాను అన్నాను. ఆ పిల్ల కాదు అంది. నాకు టీచరంటే పడదు, సారు తిడితే సంతోషమేసింది అన్నాను. కాదు. గేటు ఇనుప చువ్వల మీద ఎవరో రాయితో కొడుతున్నారు. హెడ్మాస్టరు, మేడం ఇంక చాలు, పోలీసులు వస్తే నా పని అయిపోతుంది అన్నాడు. ఆవిడ చెయ్యి చాపి టైము చూసుకుంది. తొందరేం లేదు సార్ అంది. తర్వాత నా వైపు తిరిగి, ఏదో ఇరుగుపొరుగు కబురు అడిగినట్టు అడిగింది. "మీ ఇండ్లల్ల ఏడ్చే పిల్లను ఏమని ఓదారుస్తరు?"

"ఊరుకోమ్మా అంటాం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు తట్టలేదు. ఊకో, ఊరుకో. ఈ ఊళ్లో పుట్టి పెరిగాను, ఆ మాట రోజూ వినే మాట. నోరు మూసుకోమనడానికీ అదే, ఏడవకు తల్లీ అనడానికీ అదే, మా ఇంట్లోనూ అంతే కదా. మా వాళ్లు అంటే ఓదార్పు, ఆ పిల్ల అంటే పొగరు అయిపోయింది నాకు. నేను మళ్లీ చెప్పాను. నేను మొదటి బెంచీలో ఉన్నాను, టీచర్ ఏడుస్తోంది, నాకు చూడబుద్ధి కాలేదు, ఊకో అన్నాను.

"అంతే" అంది ఆ పిల్ల. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక దాని వంతు. అది తల వంచుకునే, నా నోటితో చెప్పింది. "నేను లెక్కల టీచర్‌ని. పెద్దసారు నన్ను అందరి ముంగట తిట్టిండు. ఆయన్ను నేనేం అనలే. నా ఏడుపు పిల్లలు చూసిన్రు. సారు మీది కోపం ముంగటున్న పిల్ల మీద తీసిన. అది నన్ను తిరిగి కొట్టదని నాకు తెల్సు."

గదిలో అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఒక్క మాట అంటే అయిపోతుంది. నేను నేల మీది గచ్చు చూస్తూ, "దాదాపు" అన్నాను.

"మా ఆటల దాదాపు లేదు" అంది ఆవిడ. "కాదా, అంతేనా?"

నేను అనలేదు. కాదు అనడానికి నోరు రాలేదు, అంతే అనడానికి మనసు రాలేదు. చివరికి ఆ పిల్లే లేచి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. "టీసీ వద్దమ్మా" అంది. "టీచర్ ఇంక అంతే అనలే. అనేదాంక వస్త."

అదీ జరిగింది. తల్లి బయటికి వెళ్లి బస్తీ వాళ్లతో ఏం చెప్పిందో, పావుగంటలో గేటు ఖాళీ అయింది. ఆవిడ బెంచీ మీంచి లేచి, నలిగిపోయిన రాజీ కాగితాన్ని హెడ్మాస్టరు చేతిలో పెట్టింది. పుట్నాలు తీసి ఆ పిల్లకి పోసింది, తల్లి కోసమని ఇంకో పిడికెడు దానికే ఇచ్చింది, హెడ్మాస్టరుకి పోసింది. నేను చెయ్యి చాపితే పొట్లం మూసేసింది. నీయి నా దగ్గర ఉంటయ్ తియ్యి అంది.

ఆ పిల్ల మూడు నెలలూ ఒక్కరోజు మానకుండా బడికి వచ్చింది. మొదటి బెంచీలోనే కూర్చుంది, నన్నే చూస్తూ. నేను లెక్క చెబుతుంటే అది లెక్కే వింటోందో, ఆ మాట కోసం చూస్తోందో తెలిసేది కాదు. ఒకరోజు ఆవిడ నా పక్కన చేరి, పరీక్షలయ్యేదాక అంతే అనకు, అన్నవంటే పిల్ల రాదు అని నవ్వింది. నా మొండితనం కూడా ఒక పిల్ల చదువుకి పనికొచ్చిందన్నమాట. పిల్ల పాసైంది. మార్కుల మెమో తీసుకోవడానికి వచ్చి నా ముందు నిలబడింది. బాగా రాశావు అన్నాను. ఇంకా నిలబడింది. నేను రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. పోయొస్త టీచర్ అని వెళ్లిపోయింది. పంతం కాదు నాది. అంతే అంటే ఆ పిల్ల చెప్పిన నాలుగు మాటలూ నావైపోతాయి, నేను ఎలాంటిదాన్నో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. దానికి భయపడ్డాను.

ఆ తర్వాత ఆవిడ నాకు ఎక్కడ ఎదురైనా, వరండాలోనో స్టాఫ్‌రూములోనో, హ్యాండ్‌బ్యాగు మీద రెండు వేళ్లతో తట్టి అయిందా అని అడిగేది. కాలేదండీ అనేదాన్ని. ఐదేళ్లు ఇదే. రిటైరైన రోజు దండా శాలువా వేసుకుని గేటు దాటుతూ కూడా అడిగింది. కాలేదన్నాను. ఈసారి నవ్వలేదు. "నేనుండంగ అయితే మంచిగుండు" అంది.

శిక్షణ సగంలో లేచాను. వేదిక మీద అమ్మాయి, మేడం ఫారం అంది. ఖాళీ కాగితం కుర్చీలోనే వదిలేశాను. హైటెక్ సిటీలో రైలెక్కితే ఆవిడ ఇల్లున్న బోరబండ తర్వాతి స్టేషనే. ఆ ఒక్క స్టేషను దూరం ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా వెళ్లలేదు నేను. కూర్చోడానికి సీటున్నా తలుపు దగ్గరే నిలబడ్డాను.

సందులో టెంటు వేశారు. కింద చాపలు, చాపల నిండా ఆవిడ పిల్లలు. గడ్డాలొచ్చిన పిల్లలు, చంకలో పిల్లలున్న పిల్లలు. మెట్ల మీద ఒకామె కూలబడి, నాతోని ఒక్క మాట మాట్లాడకుండ పోయింది, ఇరవై ఏండ్లు చూసుకుంట పోయింది అని గుండె బాదుకుంటోంది. ఎవరో శాంతమ్మా లెయ్ అని ఆమెను పట్టుకున్నారు. నేను ఐసు పెట్టె దగ్గరికి వెళ్లాను. చేతికున్న వాచీ తియ్యడం మర్చిపోయినట్టున్నారు, ముఖం అరచేతి వైపే ఉంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆగలేదు. నలుగురిలో ఉన్నానన్న ధ్యాస లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను.

భుజం మీద ఒక చెయ్యి పడింది. "ఊరుకోండి మేడం."

తిరిగి చూస్తే ఆ పిల్ల. మెడలో ఆఫీసు కార్డు, దువ్వి బిగించిన జుట్టు. ముందు పోల్చలేదు, తర్వాత ఆ చూపు పోల్చాను. గచ్చిబౌలిలో రిసెప్షన్‌లో చేస్తున్నానండి, విషయం తెలిసి సెలవు పెట్టి వచ్చానండి, మీరు మంచినీళ్లు తాగుతారా మేడం అంది. ఒక్క మాట తేడా లేదు, మా ఇంట్లో మాట్లాడే మాట. ఎంత చక్కగా నేర్చుకుందో. పెద్దవాళ్లు ఏడుస్తుంటే ఏమనాలో, ఏమనకూడదో అన్నీ నేర్చుకుంది. మొదటి పాఠం నేర్పిన చెయ్యి నాదే, ఇదిగో ఈ చెయ్యే.

"ఆరోజు నువ్వు నా నోటితో చెప్పావే," అన్నాను, "సారు మీద కోపం ముందున్న పిల్ల మీద తీశానని. అది తిరిగి కొట్టదని నాకు తెలుసని."

అది మంచినీళ్ల కోసం వెళ్లబోయి ఆగింది.

"అంతే" అన్నాను. "అంతేనమ్మా."

ఆ పిల్ల నన్ను చూసింది. తర్వాత పెట్టె వైపు చూసింది, ఆవిడకి వినపడిందా అన్నట్టు. మెడలో కార్డు తీసి సంచీలో వేసుకుని, చాప మీద తను ఇంతకు ముందు కూర్చున్న చోటికి వెళ్లి కూర్చుంది. పక్కకి జరిగి, జరిగిన చోట చేత్తో తట్టింది.

"కూసో టీచర్" అంది.

కూర్చున్నాను.